బొల్లిగాడి వెనక కాలు

పెన్‌పహాడ్,
1949 ఫిబ్రవరి 6, ఆదివారం.

కోదాడలో ఉన్న చెల్లె దుర్గమ్మకు అక్క చెప్పి రాయించేది.

నా పేరు భద్రమ్మ. చనిపోయిన గొల్ల గోపయ్య భార్యను. వయస్సు డెబ్బై, కాకపోతే ఒకటి రెండు తక్కువ. నేను పుట్టిన రోజు రాసిపెట్టిన వాళ్ళెవరూ లేరు. ఇంట్లో కొడుకు మట్టయ్య, కోడలు, ఇద్దరు మనుమరాండ్లు. దొడ్లో అరవై జీవాలు. ఒక కుక్క. దాని పేరు బొల్లిగాడు. ఆ కుక్క ఇప్పుడు నా ఇంట్లో లేదు, నీ ఇంట్లో ఉన్నది. ఇదంతా నాకు తెలుసు కదా అంటావు. తెలిసినా విను. నోటిమాట అయితే నువ్వు నవ్వి పక్కకు పెడతావు, అందుకే కాగితం మీద పెట్టిస్తున్నాను. రాసేది మా బడి పంతులమ్మ శాంతకుమారి.

నిరుడు గొడవల్లో మట్టయ్య మందను తోలుకొని సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు పోయినప్పుడు బొల్లిగాడు వెంట పోయాడు. దసరా దాటినాక తిరిగి వస్తూ మీ ఊరి పొలిమేరలో రాళ్ళ గుంతలో పడ్డాడు. వెనక కాళ్ళు లేవలేదు. "పది దినాలు వుంచు చిన్నమ్మా" అని మట్టయ్య నీ దగ్గర వదిలి వచ్చాడు. పది దినాలు. ఇప్పుడు నాలుగో నెల.

మొన్న గొంగళ్ళు అమ్మే పెంటయ్య వచ్చాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెం అంగళ్ళన్నీ తిరిగేవాడు కదా. నా వాకిట్లో మూట దించీ దించకముందే మొదలుపెట్టాడు.

"వదినె, నీ కుక్క కోదాడల రాజ లెక్క ఉన్నడు."

"ఏం జేస్తున్నడురా?"

"పండుకున్నడు. దుర్గమ్మ వదినె కాళ్ళు గుంజుతున్నది."

"కాళ్ళు గుంజుడేంది?"

"ఎనక కాలు వట్టి మెల్లగ ఎనకకు సాగదీస్తది, లెక్క వెడ్తది, ఇడిసిపెడ్తది. వాడేమో ఆమె తొడ మీద తల పెట్టి కండ్లు మూసుకున్నడు. గమ్మతుంటది సూస్తే."

నాకు గమ్మత్తుగా లేదు. దుర్గమ్మా, రెండే మాటలు అడుగుతున్నాను. కాళ్ళు గుంజితే వాడికి నొప్పి అయితే, ఎందుకు గుంజుతున్నావు? నొప్పి కాకపోతే, వాడి తల నీ తొడ మీద ఎందుకు ఉన్నది? తల్లి చచ్చిపోయి కండ్లు తెరవని కూనగా ఉన్నప్పుడు మేకపాలలో గుడ్డపేలిక ముంచి వాడి నోట్లో పెట్టినదాన్ని నేను. ఈ తొమ్మిదేండ్లలో ఒక్కనాడు నా తొడ మీద తల పెట్టలేదు. మంద కాడి కుక్క అట్లాగే ఉంటుందనుకున్నాను.

వాడిని పంపు.

ఇది నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉన్నది.

భద్రమ్మ నిశాని, ఎడమ బొటనవేలు.
సాక్షులు: గౌరయ్య, మా మరిది కొడుకు. పెంటయ్య, పైన చెప్పినవాడు.

*

కోదాడ,
1949 ఫిబ్రవరి 14.

అక్కకు దండాలు. మట్టయ్యకు, కోడలికి, పిల్లలకు దీవెనలు. మేమిద్దరం క్షేమం. ఈయన దగ్గు తగ్గింది. రాసేది ఈయనే. నేను పొయ్యి ముందు కూర్చుని చెప్తున్నాను, మధ్యలో మాట తెగితే గంజి పొంగిందని అనుకో.

నీ పేరు, వయస్సు, జీవాల లెక్క చదివి ఈయన నవ్వాడు. "మీ అక్క ఇది తహసీలు కచేరీకి రాయించిందా, నీకు రాయించిందా?" అన్నాడు. నేను నవ్వలేదక్కా.

బొల్లిగాడిని తెచ్చిన రోజు నువ్వు చూడలేదు. ముందు కాళ్ళతో పాకేవాడు, నడుం వెనకది మొత్తం బరువు మూటలాగా వెంట వచ్చేది. వీధిలో అందరూ "ఇగ ఖతం" అన్నారు. మా వీధి చివర హన్మా అని ఒక ముసలాయన ఉన్నాడు. ఒక దొర దగ్గర ముప్ఫై ఏండ్లు గుర్రాలు చూసుకున్నవాడు. దొర ఊరు విడిచిపోయాడు, గుర్రాలూ పోయాయి, హన్మా మిగిలాడు. ఆయన వచ్చి వెన్నుపూస నుంచి గోరు దాకా ఒక్కొక్క చోట నొక్కి చూశాడు. "ఎముక మంచిగనే ఉన్నదమ్మా. కండ దెబ్బ తిన్నది. వాపు పోయేదాక ముట్టకు. పోయినంక గూడ గట్లనే పండబెట్టి ఉంచితే బిగుసుకపోతది. గుర్రానికైనా కుక్కకైనా కండ కండనే" అన్నాడు.

వాపు తగ్గడానికి ఇరవై రోజులు పట్టింది. అప్పుడు నేర్పించాడు. ముందు వాకిట్లో నాలుగు అడుగులు మెల్లగా నడిపించాలి, ఒళ్ళు వెచ్చబడాలి. చలిలో లేచినవాడిని లేచినట్టే పట్టుకోకూడదు. తర్వాత గొంగడి మీద పక్కకు పడుకోబెట్టాలి. ఒక చెయ్యి మోకాలి పైన ఆనించి, ఇంకొకటి కింద పట్టుకుని, కాలు ఎటు నడుస్తుందో అటే, వెనకకు, కొంచెం కొంచెం. ఒకచోట చేతికి "ఇంతే" అని తెలుస్తుంది. అక్కడ ఆగాలి. అక్కడి నుంచి గుంజేది లేదు. పదిహేను లెక్కపెట్టి వదలాలి. రెండుసార్లు, మూడుసార్లు, చాలు. చెవులు వెనక్కి పెట్టినా, తల తిప్పి చేతి వైపు చూసినా, ఆ పూటకు వదిలెయ్యాలి. పెంటయ్య అన్నట్టు గుంజడం కాదు.

ఇప్పుడు నాలుగు కాళ్ళ మీద వీధి చివరి దాకా పోయి వస్తున్నాడు. నేను గొంగడి పరిస్తే తనే వచ్చి పడుకుని కాలు ఇస్తాడు. ఇంకొక నెల ఆగక్కా. రెండు రోజులు బండిలో కుదుపుకు వస్తే చేసిందంతా పోతుంది. ఉగాది దాటనివ్వు.

నీ చెల్లె దుర్గమ్మ.

వదినకు లక్ష్మయ్య నమస్కారాలు. కుక్క విషయంలో నాకు ఏ పాపమూ తెలియదు. ఈ ఇంట్లో ఇప్పుడు వాడి తిండి అయినాకే నా తిండి.

*

పెన్‌పహాడ్,
1949 ఫిబ్రవరి 23.

దుర్గమ్మకు.

నీ ఉత్తరం పంతులమ్మ రెండుసార్లు చదివింది. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఎందుకు వచ్చిందో తెలిసింది.

"తనే వచ్చి కాలు ఇస్తాడు." ఈ మాట నాకు రాయకపోతే నీ గంజి పొంగేది కాదా?

కాలు సాగదీసుడు నువ్వు నాకు నేర్పుతున్నావు. ఈ ఊర్లో, చుట్టుపక్కల నాలుగు ఊర్లలో, ఏ ఇంట్లో పిల్ల పుట్టినా నీళ్ళు పోసింది ఎవరు? పీట మీద కాళ్ళు చాపి కూర్చుని, నా రెండు కాళ్ళ మీద పసిగుడ్డును వేసుకుని, నూనె రాసి, కాలు చెయ్యి ఒకదానికొకటి ఎదురు పెట్టి సాగదీసి, వంకర లేకుండా చేసి తల్లి చేతిలో పెట్టినదాన్ని. గౌరయ్యకు నేనే పోశాను, వాడి పిల్లలకూ నేనే పోశాను. వాళ్ళ నడకలు చూడు. మా పంతులమ్మ బిడ్డకు కూడా పోశాను, ఇది రాస్తూ తల ఊపుతున్నది. నా దగ్గర నిలబడి నూనె గిన్నె పట్టుకున్నదానివి నువ్వు. ఇప్పుడు ఎవరో గుర్రాలాయన చెప్తే నీకు తెలిసింది, నాకు తెలియదు!

పెంటయ్య మళ్ళీ వచ్చాడు. మిర్యాలగూడెం అంగడిలో కూడా నీ పేరే చెప్పుకుంటున్నారట. దామరచర్ల నుంచి ఒకాయన తన కుక్కను గంపలో పెట్టుకుని నీ ఇంటికి వచ్చాడట. "దుర్గమ్మ చెయ్యి మంచిది" అంటున్నారట. నేను విన్నాను. విని ఇంట్లోకి పోయి నీళ్ళు తాగాను.

ఒకటి చెప్తాను, ఇన్నేండ్లూ చెప్పలేదు. అమ్మ మంచం పట్టిన ఆరు నెలలు ఎత్తి దించింది నేను. పుండ్లు కడిగింది నేను. నువ్వు అత్తగారింటి నుంచి నాలుగు రోజులకు వచ్చావు. నాలుగు రోజులూ నీ చేతి ముద్దే తిన్నది. నేను కలిపి పెడితే నోరు మూసుకున్నది. నువ్వు ఏం చేస్తావో నాకు తెలియదు దుర్గమ్మా. నేను పెంచినవి నీ వైపు తిరుగుతాయి.

ఉగాది దాకా ఆగమన్నావు. ఉగాది దాటితే ఎండలంటావు, ఎండలు దాటితే వానలంటావు. గౌరయ్య బండి కట్టుకుని వస్తున్నాడు. కుక్కను ఎక్కించు. ఎక్కించకపోతే నా గడప తొక్కకు. ఎక్కించినా పిలిచేదాకా తొక్కకు.

భద్రమ్మ నిశాని.
సాక్షులు: గౌరయ్య, పెంటయ్య. పెంటయ్య "నన్నెందుకు ఇరికిస్తున్నవ్ వదినె" అంటూనే వేలు వేశాడు.

*

కోదాడ,
1949 మార్చి 4. గౌరయ్య చేతికి ఇచ్చినది.

అక్కకు దండాలు.

కుక్కను ఎక్కించాను. బండిలో వరిగడ్డి మందంగా పరిచి పైన నా గొంగడి వేశాను. గొంగడి నువ్వు ఉంచుకో, వాడికి దాని వాసన అలవాటు. గౌరయ్యకు గంటకోసారి దించి నడిపించమని చెప్పాను. "సరే చిన్నమ్మా" అన్నాడు. చేస్తాడో లేదో.

అమ్మ సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. దాని గురించి ఇప్పుడు రాయలేను.

ఒక్కటే జాగ్రత్తగా విను, దీనికోసమే రాయిస్తున్నాను. నీ చెయ్యి ఎంత మంచిదో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. కానీ పసిపిల్లకు పోసినట్టు వీడికి పొయ్యొద్దు. పసిపిల్ల తుంటి ఎటైనా తిరుగుతుంది, కుక్కది తిరగదు. వాడి కాలు ముందుకు పోతుంది, వెనకకు వస్తుంది, అంతే. పక్కకు తియ్యకూడదు. కాలు చెయ్యి ఎదురు పెట్టకూడదు. వెల్లకిలా వెయ్యకూడదు. నేను మొదటి రోజు అలాగే చెయ్యబోతే హన్మా నా చెయ్యి పట్టి ఆపాడు. నాకు అలవాటైంది నీ దగ్గర చూసిందే కదా.

వచ్చిన మూడు రోజులు వాడిని ఏమీ చెయ్యకు. బండి అలసట తీరనివ్వు.

దుర్గమ్మ.

*

పెన్‌పహాడ్,
1949 మార్చి 10.

కోదాడ దుర్గమ్మకు భద్రమ్మ తెలిపేది.

కుక్క నాకు ముట్టింది. మొన్న పొద్దున బండి దిగాడు, నన్ను చూశాడు, తోక ఊపాడు. జొన్న సంకటి పెడితే గిన్నె నాకి శుభ్రం చేశాడు. అందరూ చూశారు. ఎవరి కుక్కో ఇప్పుడు ఊరికి తెలిసింది.

గౌరయ్య నీ ఉత్తరం ఇచ్చాడు. అది ఇంటి వాసాల్లో దోపాను. కుక్క వచ్చినాక చదివించుకునే అవసరం ఏమున్నది? నువ్వు ఏం రాసి ఉంటావో నాకు తెలుసు. నీ ఉత్తరంలో ఏడుపు ఉంటుంది, లేకపోతే పాఠం ఉంటుంది. నీ గొంగడి మాత్రం దండెం మీద ఉన్నది, కావాలంటే పెంటయ్య చేతికి పంపిస్తాను. వాడు దాని కిందికి పోయి నిలబడుతున్నాడు. గాలికీ, నీడకూ అయి ఉంటుంది.

నిన్న పొద్దున నేనే కాళ్ళు సాగదీశాను. పీట వేసుకుని, నూనె వెచ్చజేసుకుని. నా పద్ధతి ప్రకారం. కొంచెం మూలిగాడు. పసిపిల్లలూ ఏడుస్తారు, ఏడిస్తేనే మంచిది, బిగువు వదులుతుంది. ఈరోజు కూడా చేశాను. నీ దగ్గర నాలుగు నెలలు పట్టింది, నా దగ్గర నాలుగు వారాల్లో మంద వెంట పోతాడు, చూడు.

నా సంగతి కోదాడ వాళ్ళు ఎవరైనా అడిగితే ఇదే చెప్పు.

భద్రమ్మ నిశాని.
సాక్షి: గౌరయ్య. పెంటయ్య ఊర్లో లేడు.

ఈ కింది మాట భద్రమ్మగారు చెప్పింది కాదు. ఆమెకు చదివి వినిపించలేదు, అందుకు నన్ను క్షమించాలి. మీ ఉత్తరం చదువుతానని రెండుసార్లు అడిగాను, వద్దన్నారు. ఈ పొద్దు నుంచి కుక్క ఎడమ వెనక కాలు నేల మీద పెట్టడం లేదు. తుంటి దగ్గర ముట్టుకుంటే వేడిగా ఉంది. ఏం చెయ్యాలో వెంటనే తెలపండి. శాంతకుమారి.

*

కోదాడ,
1949 మార్చి 15.

అక్కా,

దండాలు. పంతులమ్మ మీద కోపం చెయ్యకు, నామీద చెయ్యి.

ఆ కాలు ముట్టకు. నూనె వద్దు, పీట వద్దు, సాగదీసుడు వద్దు. కాలు వేడిగా ఉన్నప్పుడు, వాచినప్పుడు సాగదీస్తే తెగినదాన్ని మళ్ళీ తెంపినట్టే. హన్మాను పిలిచి చెప్పాను. తల పట్టుకుని కూర్చున్నాడు. "పది దినాలు పండనియ్యమను. మెత్తగ పరువుమను. అలుకు పూసిన జారుడు నేల మీద నిలబెట్టొద్దను. గిన్నె గాడికే తీస్కపొమ్మను" అన్నాడు. వాపు పూర్తిగా పోయినాక, వాడు తనంతట తాను కాలు నేల మీద మోపినాక, అప్పుడు మాత్రమే మొదటి నుంచి మొదలు. ఎట్లా చెయ్యాలో మొదటి ఉత్తరంలో ఉన్నది, ఏం చెయ్యకూడదో వాసాల్లో ఉన్నది. ఈ రెండూ చదివించుకో.

నేను బయలుదేరేదాన్నే. ఈయన బండి కూడా అడిగి పెట్టాడు. కానీ పిలిచేదాకా గడప తొక్కవద్దని నువ్వు సాక్షులను పెట్టి వేలు వేసి పంపించావు. ఊరి పొలిమేర దాకా వచ్చి నీతో నలుగురిలో ఇంకొక మాట అనిపించలేను, నేను పడలేను.

కుక్క నీదే. నేను ఎప్పుడూ కాదనలేదు. నాకు పిల్లలు లేరు, ఒక ప్రాణి నా చేతి కింద లేచి నిలబడితే సంతోషపడ్డాను, అంతవరకే. ఆ సంతోషం నీ ముందు దాచిపెట్టి ఉండాల్సింది.

దుర్గమ్మ.

*

పెన్‌పహాడ్,
1949 ఏప్రిల్ 5.

నా పేరు భద్రమ్మ. గోపయ్య భార్యను. వయస్సు ముందు చెప్పిందే. తెలివితో, ఎవరి బలవంతం లేకుండా, సాక్షుల ముందు చెప్పి రాయిస్తున్నాను. ఇది చెల్లెకు ఉత్తరం కూడా.

నీ ఉత్తరం వచ్చిన రోజు పంతులమ్మ గడపలోనే నిలబడి "ఇది చదివేదాక కదలను" అన్నది. చదివింది. తర్వాత పీట ఎక్కి తనే వాసాల్లోది తీసి అదీ చదివింది. నాకు తెలియకుండా నీకు రాసిన సంగతి కూడా చెప్పింది. కోపం చెయ్యలేదు. చేసే మొహం లేదు.

జరిగింది చెప్తాను. రెండు పొద్దులూ వాడిని నా కాళ్ళ మీద వెల్లకిలా వేసుకున్నాను. నూనె రాశాను. ఎడమ వెనక కాలు, కుడి ముందు కాలు ఎదురెదురు పెట్టి దగ్గరికి తెచ్చాను, పసిపిల్లకు చేసినట్టే. మొదటి రోజు మూలిగాడు. రెండో రోజు లోపల ఏదో జారినట్టు నా చేతికి తెలిసింది. నువ్వు రాసిన "ఇంతే" అనే చోటు కూడా తెలిసింది, దుర్గమ్మా. డెబ్బై ఏండ్ల చెయ్యి ఇది, తెలియకుండా ఉంటుందా. తెలిసీ దాటాను. నీ దగ్గర సాగినదానికంటే ఒక వేలు ఎక్కువ సాగాలని దాటాను.

అప్పుడు వాడు నా మణికట్టు నోట పట్టుకున్నాడు. తోడేలును పట్టిన పళ్ళు. పట్టుకున్నాడు, నొక్కలేదు. నేను వదిలినాక తనూ వదిలాడు. ఇది నేను నీకు రాయించిన ఉత్తరంలో చెప్పలేదు. "మూలిగాడు" అని మాత్రమే చెప్పాను.

హన్మా చెప్పినట్టే పది దినాలు ముట్టలేదు. ఇంకా నాలుగు ఎక్కువే ఆగాను. మెత్తగా పరిచాను, నీ గొంగడి దించి వేశాను. వేడి పోయింది, వాపు పోయింది. ఉగాది నాటి నుంచి కాలు నేల మీద మోపుతున్నాడు, కుంటుతూ. ఇగ మెల్లగా మొదలుపెట్టాలి, లేకపోతే బిగుసుకుపోతుంది. అది నాకు తెలుసు.

కానీ నేను దగ్గరికి పోతే వాడు ఉండడు. కోడలు గిన్నె పెడితే తింటాడు. మనుమరాలు చెవి గుంజినా ఊరుకుంటాడు. నేను గొంగడి పక్కన కూర్చుంటే చాలు, లేస్తాడు, ఆ కుంటి కాలితో దొడ్డి అవతలికి పోయి గోడకు ఆనుకుని నిలబడతాడు. నేను లేచిపోయేదాకా రాడు. కోడలిని చెయ్యమన్నాను. "నాకు భయమైతది అత్తా, నువ్వే తప్పు జేస్తివి, నేనెంత" అన్నది. ఆ మాట అనడానికి దానికి తొమ్మిదేండ్లు పట్టింది, మంచి రోజు చూసుకుని అన్నది.

బండిలో మళ్ళీ కోదాడకు పంపితే కుదుపుకు చస్తాడు. అందుకని నువ్వే రావాలి. నా గడప మీద పెట్టిన మాట తీసేశాను, సాక్షులు విన్నారు. లక్ష్మయ్య మరిదిని కూడా తీసుకుని రా, ఆయన దగ్గుకు ఇక్కడి గాలి మంచిది. ఎన్ని నెలలు పడితే అన్ని నెలలు ఉండు. వాడు బాగైనాక ఎవరి వెంట నడిస్తే వాళ్ళ కుక్క. ఇది నా కొడుకుకు, కోడలికి కూడా చెప్పాను.

ఒక్క షరతు. నువ్వు బండి దిగగానే వాడు మూడు కాళ్ళ మీదైనా సరే ఉరుకుతూ వచ్చి నీ మీద పడతాడు. అది నేను చూడలేను. నా వల్ల కాదు, నన్ను అడగకు. నువ్వు వచ్చే పూట నేను పెంటయ్య వెంట సూర్యాపేట అంగడికి పోతాను, పనేమీ లేకున్నా పోతాను. కోడలు అన్నం వండి పెడుతుంది, తినండి. మరునాడు పొద్దున నేను వచ్చి నీ వెనక కూర్చుంటాను. వాడు లేచిపోతే ఆ పొద్దుకు వదిలెయ్యి. లేవకపోతే, వాడి కాలు మీద నా చెయ్యి పెట్టు, నా చెయ్యి మీద నీ చెయ్యి పెట్టు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆపు.

చదివి వినిపించారు. ఒక్క మాట కూడా తీసెయ్యవద్దన్నాను.

భద్రమ్మ నిశాని, ఎడమ బొటనవేలు.
సాక్షులు: గౌరయ్య. పెంటయ్య.
రాసినది: శాంతకుమారి. ఈసారి కింద నేను కలిపినది ఏమీ లేదు.